ఇంట్లో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు: చప్పుడు తగ్గించడం ఎలా?

200 గజాల స్థలంలో కట్టిన ఇల్లు పొడవులో దాదాపు 60 అడుగులుంటుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసుకు గురికి, మనం నిలబడే గీతకు మధ్య 33 అడుగులు చాలు. వెనక మనిషి నిలబడడానికి, ముందు పెల్లెట్లను (రైఫిల్ కాల్చే చిన్న లోహపు గుళ్లను) ఆపే పెట్టె పెట్టడానికి కలిపి 40 అడుగులు దొరికితే పని జరుగుతుంది. అభినవ్ బింద్రా కూడా ఇంటి దగ్గరే సొంత రేంజ్ కట్టించుకుని సాధన చేసి, 2008లో బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఒలింపిక్ బంగారు పతకం గెలిచాడు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో ఇదే పోటీలో కాంస్యం తెచ్చాక, ఇక్కడ చాలా ఇళ్లలో పిల్లలు రైఫిల్ పట్టుకున్నారు. స్థలం ఎలాగో సర్దుకుంటాం కానీ అసలు ఇబ్బంది చప్పుడుతోనే వస్తుంది.

నేను మొదట కొన్నది 20 జౌళ్లకు కాస్త తక్కువ శక్తి ఉన్న స్ప్రింగ్ రైఫిల్. అందులో స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తే, నొక్కుకున్న గాలి పెల్లెట్‌ను బయటికి పంపుతుంది. వారం తిరిగేసరికి పక్కింటి పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి అడిగారు: "ఏం బాబూ, రోజూ సాయంత్రం మేకులు దిగ్గొడుతున్నారా?" ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే నాకు దారి దొరికింది. ఆవిడకు తుపాకీ పేలిన శబ్దం వినపడలేదు, మేకు కొట్టిన శబ్దం వినపడింది. అంటే పక్కింటికి చేరుతున్నది రైఫిల్ చప్పుడు కాదు, పెల్లెట్ వెళ్లి ఇనుప పెట్టెను కొట్టిన చప్పుడు. నేనేమో అప్పటిదాకా బారెల్ మూతి గురించే బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు ఖచ్చితంగా చెప్పాలి. బారెల్ చివర బిగించే సైలెన్సర్ల జోలికి వెళ్లకండి. కొనొద్దు, తయారు చేయొద్దు. 1959 ఆయుధాల చట్టం శబ్దాన్ని తగ్గించే ఉపకరణాలను కూడా తుపాకుల నిర్వచనంలోనే చేర్చింది. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదన్న వెసులుబాటును ఒక గొట్టం ముక్క కోసం పోగొట్టుకోకండి. రెండోది, చప్పుడు లేకుండా పిట్టల్నో కోతుల్నో కొడదామని ఇది చదువుతుంటే ఇక్కడితో ఆపేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చాలా జీవుల విషయంలో అది నేరం, పైగా మూగజీవాల మీద క్రూరత్వం. ఇది కాగితం గురి మీద సాధన చేసేవాళ్ల కోసం రాస్తున్నది.

ముందు బయట నిలబడి వినండి

రైఫిల్ పట్టుకున్న మనిషికి దాని అసలు చప్పుడు ఎంతో తెలియదు. స్టాక్ (రైఫిల్ వెనక భాగం) చెంపకు ఆని ఉంటుంది కాబట్టి స్ప్రింగ్ అదురు దవడ ఎముక గుండా నేరుగా చెవిలోకి వస్తుంది. పక్కన నిలబడ్డవాళ్ల కంటే మనకే ఎక్కువ వినపడుతుంది. అందుకని రైఫిల్ వాడడం బాగా తెలిసిన ఇంకొకర్ని కాల్చమని చెప్పి, మీరు బయటికి వెళ్లండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య పది సెకన్లు ఆగమనండి. మీరు గేటు దగ్గర, మేడ మీద, వీలైతే పక్కింటివాళ్ల వంటగదిలో నిలబడి వినండి. కాల్చే గీతకు, గురికి మధ్యలోకి ఎవరూ రాకుండా తలుపులన్నీ ముందే గడియ పెట్టండి.

ప్రతి చోటా ఏం వినపడిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. "టంగ్" అంటే ఇనుము. "ధబ్" అంటే నేల గుండానో గోడ గుండానో వస్తున్న అదురు. "ఠాప్" అని గాలి చీలినట్టుంటే మూతి దగ్గరిది. ఇప్పుడు పెట్టె తీసేసి, దాని స్థానంలో ఇసుక బస్తాలు రెండు వరసలు పేర్చి మళ్లీ ఐదు షాట్లు కాల్చమనండి. పక్కింట్లో చప్పుడు ఒక్కసారిగా పడిపోతే దొంగ దొరికినట్టే. మా ఇంట్లో అలాగే దొరికింది.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టుకుని కొలిచేవాళ్లున్నారు. ఇంత క్షణికమైన చప్పుడును ఫోన్ మైకు సరిగ్గా పట్టుకోలేదు కాబట్టి అందులో వచ్చిన అంకెను నమ్మకండి. ఒకే ఫోన్‌ను ఒకే చోట పెట్టి, మార్పుకు ముందు ఎంత, తర్వాత ఎంత అని పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది. దీంట్లో ఇంకో సంగతి ఉంది. రెండు చప్పుళ్లలో ఒకటి రెండోదానికంటే 10 డెసిబెల్స్ ఎక్కువుంటే, చిన్నదాన్ని పూర్తిగా తీసేసినా వినేవాడికి తేడా తెలియదు. పెట్టె మోగుతున్నంతకాలం రైఫిల్‌కు ఎంత ఖర్చు పెట్టినా వృథా అయ్యేది అందుకే. కాబట్టి పని గురి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి.

పెల్లెట్ పెట్టె

ఎక్కువ సమయం దీనికే పెట్టండి. షాపుల్లో దొరికే గరాటు ఆకారపు రేకు పెట్టెలు 7, 8 జౌళ్ల రైఫిల్‌కైతే సరే కానీ, 20 జౌళ్లకు గుడిగంటలా మోగుతాయి. ఇంట్లో చేసుకున్నదే మేలు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు, అడుగు లోతు ఉండేలా పెట్టె కొట్టించండి. ముందు భాగం తెరిచే ఉండాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలుంటే వెడల్పు, ఎత్తు రెండేసి అడుగులు పెట్టండి. లోపల వెనక వైపు 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు ఒకటి ఉండాలి. రేకును పెట్టెకు మేకులతో బిగించకండి, బిగిస్తే దాని అదురంతా చెక్కలోకి దిగుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు పై అంచుకు కట్టి, వాటికి వేలాడదీయండి. నిజానికి పెల్లెట్ ఆ రేకుదాకా వెళ్లకూడదు. నింపిన సరుకు ఎప్పుడైనా చెదిరితే ఆపడానికి మాత్రమే అది ఉంది.

ఇక నింపే సరుకు. పాత జీన్స్ ప్యాంట్లు, దుప్పట్లు, తువ్వాళ్లు పోగేయండి. గుండీలు, జిప్పులు, రివెట్లు అన్నీ కత్తిరించి తీసేయండి. ఒక్క రివెట్ మిగిలినా పెల్లెట్ దానికి తగిలి వెనక్కి ఎగిరే ప్రమాదం ఉంది. ప్యాంటు కాళ్లను గట్టిగా చుట్టలు చుట్టి, మధ్యలో సందు లేకుండా పేర్చుకుంటూ రండి. చెయ్యి పెట్టి నొక్కితే పరుపులా దిగబడకూడదు, కొత్త బాలీసులా బిగుతుగా ఉండాలి. ఇలా 8 అంగుళాల మందం పేరిస్తే 20 జౌళ్ల 4.5 పెల్లెట్ ముందు భాగంలోనే ఆగిపోతుంది. మొదటి రోజు 20 షాట్లు కాల్చి, బట్టలు విప్పి ఎంత లోతుకు దిగాయో మీ కళ్లతో చూసుకోండి. నేను విప్పినప్పుడు ఒక్కో పెల్లెట్ చుట్టూ నీలం దారాలు పోగులు పోగులుగా చుట్టుకుని ఉన్నాయి. ముక్కు మాత్రం చెక్కు చెదరలేదు. ఇనుముకు తగిలినవి రూపాయి బిళ్లల్లా చదునైపోతాయి. ఈ రెండు రకాల పెల్లెట్లను అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూస్తే, చప్పుడు ఎక్కడ పుడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇసుక కూడా బాగా ఆపుతుంది కానీ దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములో సీసం కలుస్తుంది. మూసి ఉన్న గదిలో నేనైతే వాడను. గట్టి రబ్బరు షీటు, చెక్క పలక ఎదురుగా పెట్టి కొట్టడం అసలే వద్దు. వాటి మీద నుంచి పెల్లెట్ కాల్చినవాడి వైపే తిరిగి రావచ్చు. పెట్టె ఎలాంటిదైనా సరే, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే.

ముందు తెరిచిన భాగానికి అట్టపెట్టె అట్ట ఒకటి అంటించి, దాని మీద గురి కాగితం పెట్టండి. అట్ట వదులుగా ఉంటే డప్పులా కొట్టుకుంటుంది కాబట్టి వెనక ఉన్న బట్టకు ఆనేలా అంటించాలి.

పెట్టెను గోడకు తగిలించకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. గోడ అవతల ఎవరున్నా ప్రతి షాటూ వాళ్ల నెత్తిమీద కొట్టినట్టే ఉంటుంది. గురి మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది పోటీ నియమం. ఆ లెక్కకు సరిపడే బరువైన బల్లో స్టాండో చూసుకోండి. స్టాండు కాళ్ల కింద కొబ్బరి పీచు పట్టా రెండు మడతలు, దాని మీద రబ్బరు మ్యాట్ ముక్క వేయండి. గోడకు, పెట్టెకు మధ్య అరడుగు ఖాళీ వదిలి, ఆ గోడ మీద ప్లైవుడ్ షీటు, దాని ముందు మందపాటి బొంత వేలాడదీయండి. బొంత చప్పుడు కోసమే కాదు, గురి తప్పిన పెల్లెట్ కోసం కూడా.

పెల్లెట్ బరువు

ఇది ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న మార్పు. గాలిలో ధ్వని వేగం మన ఎండలకు, 30 డిగ్రీల దగ్గర, సెకనుకు దాదాపు 349 మీటర్లు. పెల్లెట్ ఆ వేగాన్ని దాటితే కొరడా ఝుళిపించినట్టు ప్రత్యేకంగా ఒక చప్పుడు పుడుతుంది. అది పెల్లెట్ వెంటే దారంతా వస్తుంది కాబట్టి బొంతలూ కర్టెన్లూ దాన్ని ఆపలేవు.

లెక్క వేసి చూద్దాం. 20 జౌళ్ల శక్తితో 0.35 గ్రాముల తేలికపాటి లోహపు పెల్లెట్ సెకనుకు 338 మీటర్ల వేగంతో పోతుంది, అంటే ధ్వని వేగం అంచున. అదే శక్తికి 0.5 గ్రాముల సీసం పెల్లెట్ వేగం 283 మీటర్లు, 0.68 గ్రాములదైతే 243 మీటర్లు. "అత్యధిక వేగం" అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి అమ్మేవి ఆ తేలికపాటివే. ధ్వని వేగం దగ్గర పెల్లెట్ వణికి గురి కూడా చెదురుతుంది. పైగా స్ప్రింగ్ రైఫిల్‌లో మరీ తేలిక పెల్లెట్ వేస్తే పిస్టన్‌కు గాలి మెత్త సరిగ్గా దొరక్క, వెళ్లి సిలిండర్ చివర గట్టిగా కొట్టుకుంటుంది. అదొక అదనపు చప్పుడు, గాలి బయటికి పోకుండా ఆపే సీల్‌కు అదనపు దెబ్బ. మరీ బరువైనవి వేసినా స్ప్రింగ్ రైఫిల్‌కు అంత మంచిది కాదు. 0.5 నుంచి 0.6 గ్రాముల మధ్య రెండు మూడు రకాలు తెచ్చి, మీ రైఫిల్‌కు ఏది పడుతుందో కాల్చి చూడండి.

రైఫిల్ లోపలి చప్పుళ్లు

కొత్త స్ప్రింగ్ రైఫిల్ మొదటి కొన్ని డజన్ల షాట్లకు పెద్దగా పేలి, మూతి నుంచి పొగ, కాలిన నూనె వాసన వస్తే భయపడకండి. ఫ్యాక్టరీలో రాసిన నూనె పిస్టన్ ముందు చేరి, గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి అంటుకుంటోంది. డీజిల్ ఇంజన్ పనిచేసే పద్ధతి అదే, అందుకే దీన్ని డీజిలింగ్ అంటారు. నూనె కాలిపోతే తగ్గిపోతుంది. ఆ తర్వాత కూడా వస్తోందంటే ఎవరో నూనె పోస్తున్నారన్నమాట. కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు బారెల్ వెనక రంధ్రంలో వేయడం మన దగ్గర బాగా అలవాటు. అది మానేయండి. చప్పుడు ఒక్కటే కాదు, సీల్ కాలిపోతుంది, స్ప్రింగ్ విరుగుతుంది.

"ఝ్‌ఝ్‌యింగ్" అని షాట్ తర్వాత తీగ మీటినట్టు మోగుతుంటే అది స్ప్రింగ్. ముందు స్టాక్ మరలు చూడండి, స్ప్రింగ్ రైఫిల్ అదురుకు అవి తరచూ వదులవుతాయి. ప్రతి 200 షాట్లకోసారి బిగించుకోవడం మంచి అలవాటు. అయినా మోగుతుంటే లోపలి స్ప్రింగ్ గైడ్ (స్ప్రింగ్ కదలకుండా పట్టి ఉంచే కడ్డీ) వదులుగా ఉందని అర్థం. బిగుతైన గైడ్ వేసి, స్ప్రింగ్‌కు చిక్కటి గ్రీజు పలుచగా పూస్తే ఆ మోత దాదాపు పోతుంది. కానీ ఆ పని మీరు చేయకండి. లోపల స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది. స్ప్రింగ్ అదిమిపట్టే కంప్రెసర్ లేకుండా పిన్ను లాగితే ఎగిరొచ్చి ముఖానికి తగులుతుంది. రైఫిళ్లు బాగుచేసే మనిషికే ఇవ్వండి.

పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ రైఫిల్‌ను కాల్చకండి. అన్నిటికంటే పెద్ద చప్పుడు అప్పుడే వస్తుంది, రైఫిల్ ప్రాణమూ అప్పుడే పోతుంది.

పీసీపీ రైఫిళ్లలో (ముందే ఒత్తిడితో సిలిండర్లో నింపిన గాలితో పనిచేసేవి) స్ప్రింగ్ మోత ఉండదు కానీ, పెల్లెట్‌ను తోసేశాక మిగిలిన గాలి మూతి దగ్గర ఒక్కసారిగా వ్యాకోచించి పేలినట్టు వినపడుతుంది. కంపెనీ ఇచ్చిన పవర్ సర్దుబాటు చక్రం ఉంటే దాన్ని తగ్గించండి. గాలి తక్కువ వాడితే చప్పుడూ తక్కువే, సిలిండర్ నింపుడు కూడా ఎక్కువ షాట్లకు వస్తుంది.

ఇక్కడ నా మనసులో మాట చెప్తాను. 10 మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పెట్టడానికి 20 జౌళ్లు అవసరమే లేదు. ఒలింపిక్స్‌లో వాడే రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ను సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో పంపుతుంది. అంటే దాదాపు 7.7 జౌళ్లు. ఆ శక్తితోనే పది పాయింట్లిచ్చే అర మిల్లీమీటరు చుక్కను కొడుతున్నారు. జర్మనీలో అనుమతి లేకుండా కొనగలిగేవి 7.5 జౌళ్ల లోపువే. నేను చివరికి నా రైఫిల్‌ను మెకానిక్‌కు ఇచ్చి తక్కువ శక్తి స్ప్రింగ్ వేయించాను. చప్పుడు తగ్గడం ఒక ఎత్తు, అదురు తగ్గి కాగితం మీద చిల్లుల గుంపు చిన్నదవడం ఇంకో ఎత్తు. శక్తి ఎక్కువున్న రైఫిల్ కొన్నామన్న సంబరం మొదటి నెలలోనే తీరిపోతుంది, గురి కుదిరిన ఆనందం మాత్రం నిలుస్తుంది.

గది

గది విషయంలో రెండు వేరువేరు పనులున్నాయి, చాలామంది కలిపేస్తారు. గదిలో ప్రతిధ్వని తగ్గించడం ఒకటి, చప్పుడు బయటికి పోకుండా ఆపడం ఇంకొకటి. గోడలకు బొంతలు, బూరుగు దూది పరుపులు వేలాడదీస్తే ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. ముఖ్యంగా మీరు నిలబడే చోట, బారెల్ మూతికి రెండు పక్కల గోడల మీద, పైకప్పు మీద. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి, బొంతలు కట్టాక మళ్లీ కొట్టి వినండి. గుడ్ల అట్టలు అంటించి లాభం లేదు, పైగా నిప్పంటుకుంటే అంతే సంగతులు. థర్మోకోల్ కూడా వద్దు.

బయటికి పోకుండా ఆపేది బరువు, సందులు మూయడం. మన గోడలు ఇటుకవి, అవి బాగానే ఆపుతాయి. చప్పుడు పారిపోయేది తలుపు కింద సందు నుంచి, కిటికీ రెక్కల మధ్య నుంచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం నుంచి. తలుపు కింద రబ్బరు పట్టీ, కిటికీ చట్రానికి స్పాంజి టేపు వేయించండి. మా వరండా కిటికీకి టేపు వేసిన రోజు గేటు దగ్గర వచ్చిన తేడా, మూడు పరుపులు కట్టినప్పుడు కూడా రాలేదు. అలాగే కిటికీకో తలుపుకో దగ్గరగా నిలబడి కాల్చకండి, గది లోపలికి జరగండి. గాలి ఆడక ఉక్కపోస్తుంది, నిజమే. కాసేపు కాల్చి, రైఫిల్ కింద పెట్టి, అన్నీ తెరిచి గాలి పోనిచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

చుట్టుపక్కలవాళ్లు

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. అది సగటు లెక్క, అప్పుడప్పుడు వచ్చే "టప్" అందులో పెద్దగా కనపడదు. కానీ పక్కింట్లో పసిపాప నిద్రపోతుంటే ఆ లెక్క ఎవరికి కావాలి? ముందే వెళ్లి చెప్పండి. "తుపాకీ" అన్న మాట గాలిలో తెలిస్తే ఎవరికైనా టెన్షనే, అదే మీ నోటితో తెలిస్తే తేలిగ్గా తీసుకుంటారు. నేను పిన్నిగారిని, బాబాయిగారిని ఇంటికి పిలిచి పెట్టె, కాగితం చూపించాను. "మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మీ బాబాయికి కునుకు పడుతుంది, అప్పుడు మాత్రం వద్దు బాబూ" అన్నారావిడ. అప్పటినుంచి సాయంత్రం 6 నుంచి 7 వరకే నా సమయం.

పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్ ఉంటే దానికి పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే ఏర్పాటు ఉంటుంది. పెద్ద క్రీడాకారులు సాధనలో చాలా భాగం అలాగే చేస్తారు. నిలబడడం, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు, ఇవన్నీ ఏ చప్పుడూ లేకుండా నేర్చుకోవచ్చు. రాత్రిళ్లు అదే చేయండి.

అలవాటుగా చూసుకోవాల్సినవి

ఒకేచోట కాల్చి కాల్చి పెట్టెలో బట్టలు గుల్లబారుతాయి. బట్టలో దిగే మెత్తటి చప్పుడు మళ్లీ "టంగ్" వైపు తిరుగుతోందంటే పెల్లెట్లు రేకును తాకుతున్నాయన్నమాట. నేను ప్రతి 500 షాట్లకు చుట్టలు విప్పి, ముందువి వెనక్కి, పక్కవి మధ్యలోకి మారుస్తాను. ఆ పనికి చేతి తొడుగులు, మాస్కు పెట్టుకుని, కింద పాత కాగితాలు పరవాలి. నేలను చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే సీసం పొడి గాలిలోకి లేస్తుంది. ఏరిన పెల్లెట్లు మూత ఉన్న డబ్బాలో వేసి పిల్లలకు అందని చోట పెట్టండి. ఆ చేతులతో మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టుకోకుండా ముందు సబ్బుతో కడుక్కోండి.